నీలి గాజుపెంకు

“దొర పండుకున్నడమ్మా, లేస్తడు. గీడ కూసోండ్రి” అని మొగులయ్య ఫ్యాను వేసి లోపలికి వెళ్లిపోయాడు. కామాక్షి సోఫా అంచున కూర్చుంది. పక్కన నళిని, ఒళ్లో సీతాఫలాల బుట్ట. వచ్చేదారిలో మొజంజాహీ మార్కెట్లో దిగి, ఒక్కొక్క పండునీ కన్ను విచ్చిందా లేదా అని తిప్పి తిప్పి చూసి ఏరింది నళిని, సంబంధం మాట్లాడ్డానికి పోతున్నట్టు. పళ్లిస్తే కరిగే మనిషా వరప్రసాద్ గారు, అనుకుంది కామాక్షి. అనుకున్నందుకు సిగ్గేసింది కూడా. మొగుణ్ణి దొంగ అన్నాక ఏ ఆడదైనా చేతికందిందేదో పట్టుకునే బయల్దేరుతుంది. వామన్‌రావు గారిని దొంగ అన్నారు. నాంపల్లిలో పాత జాగీర్దారు దేవిడీ బంగళాలో ఉన్న ఆ మ్యూజియంలో తలుపులు తీసేదీ మూసేదీ ఆయనే, అద్దాల బీరువాల తాళాలు ఆయన మొల్లోనే ఉండేవి. పోయిన నెల తనిఖీలో ఒక గాజుపెంకు కనపడలేదు. తాళాలు ఎవరి దగ్గరుంటే దొంగ వాడే, ఇంకేం విచారించాలి? ఇంట్లో కూర్చోబెట్టారు. పోలీసులకి అప్పగించాలా వద్దా అన్నది ట్రస్టు సెక్రటరీ చేతిలో ఉంది, ఆ సెక్రటరీ ఈ ఇంటాయన, ఇప్పుడు లోపల నిద్రపోతున్నారు. కామాక్షి పుట్టింటి ఊరికీ ఈయన ఊరికీ మధ్య ఒక్క కాలవే అడ్డం. అందుకే నళిని నిన్న పొద్దుగూకే వేళ వంటింటి గుమ్మంలో నిలబడి, “మీ దిక్కాయనే గద చెల్లె, నువ్వంటే బిడ్డ లెక్క చూస్తడంటరు. జర నాతోటి రా” అని అడిగింది. అడుగుతూ గుమ్మం చెక్కని గోటితో గీరుతూనే ఉంది. ఆ ఇల్లు నళినిది. గుమ్మం నళినిది. తన ఇంట్లో తను ఒక గుమ్మం దగ్గర నిలబడి కిరాయికున్నదాన్ని బతిమాలుకుంటోంది.

పైన ఫ్యాను తిరిగినప్పుడల్లా ఒకచోట కిర్రుమంటోంది. కిటికీలోంచి ఆబిడ్స్ రోడ్డు మోత, డబుల్ డెక్కర్ బస్సు వంపు తిరిగేటప్పటి ఊగులాట, సైకిల్ రిక్షాల గంటలు, ఎక్కణ్ణించో ఇరానీ హోటల్ బిస్కెట్ల వాసన. ఈ వాసన మొదటిసారి ముక్కుకి తగిలిన రోజు కామాక్షికి బాగా గుర్తు. రాష్ట్రం ఏర్పడిన మరుసటేడు, నాంపల్లి స్టేషన్లో బండి దిగి, రెండు ట్రంకు పెట్టెలూ ఒక పరుపు చుట్టా, కడుపులో ఐదో నెల పిల్లా, పక్కన కొత్త ఊళ్లో ఎటు చూడాలో తెలీక మాటిమాటికీ కళ్లజోడు తుడుచుకుంటున్న మొగుడు రామచంద్రమూర్తి. ఇల్లు ఎవరూ ఇవ్వలేదు. ఆంధ్రోళ్లా, అని ఒకరూ, గుంటూరోళ్లు కిరాయి ఎగ్గొడతరని ఒకరూ. వాళ్లది గుంటూరు కాదు, అయినా ఎవరు వింటారు? అప్పుడు మ్యూజియంలో కొత్తగా చేరిన కుర్రాడి పెళ్లాం సత్రంలో పడుకుంటోందని తెలిసి వామన్‌రావు గారు తనే రిక్షా మాట్లాడుకొచ్చి, ట్రంకుపెట్టె తన చేత్తో ఎత్తి పెట్టి, “మా ఇంట్ల రెండర్రలు ఖాళీగున్నయి. నచ్చితె ఉండుండ్రి, నచ్చకుంటె పొయ్యేదాంక ఉండుండ్రి” అన్నారు. నచ్చేదాకా అనబోయి పొయ్యేదాకా అన్నారేమోనని ఇద్దరూ రాత్రంతా నవ్వుకున్నారు. ఆ రాత్రే నళిని జొన్నరొట్టె మీద వెన్న వేసి తెచ్చి, “మీరు గిట్లాంటియి తింటరా?” అని అడిగి, తినడం పూర్తయ్యేదాకా ఎదురుగా కూర్చుంది. నళిని ‘ఏంది’ అన్నప్పుడల్లా కామాక్షికి నవ్వు, కామాక్షి ‘ఏవిటండీ’ అన్నప్పుడల్లా నళినికి నవ్వు. కాన్పులో టైఫాయిడ్ వస్తే ఉస్మానియా దవాఖానలో మంచం పక్కన నేలమీద చాపేసుకుని పడుకున్నది తన అమ్మ కాదు, అత్త కాదు, ఈ నళిని. జుట్టంతా ఊడిపోతే సుల్తాన్ బజార్ నుంచి రంగురంగుల రుమాళ్లు తెచ్చి తలకి కట్టి, నవాబు బీబీవే నువ్వు, అని అద్దం చూపించింది. ఇదంతా ఇప్పుడెందుకు గుర్తుకొస్తోంది? రుణం గుర్తుకొస్తే మనిషికి గొంతు తడారుతుంది కాబోలు. మంచినీళ్లిస్తే బాగుండు.

ఆ పెంకు ఎలా ఉంటుందో కామాక్షికి తెలుసు. ఆఫీసులో చాలామందికి తెలీదు, ట్రస్టు కమిటీ వాళ్లకి అసలే తెలీదు, కానీ ఆ ఇంట్లో ఆడవాళ్లిద్దరికీ తెలుసు. సెలవునాడు ఒకసారి వామన్‌రావు గారు ఇద్దర్నీ తీసికెళ్లి మ్యూజియం వెనకగది చూపించారు. బయట పెట్టనివన్నీ అక్కడుంటాయి, కుండపెంకులు, ముక్కు పోయిన రాతి తలలు, వేళ్లు లేని రాతి అరచేతులు, పూసలు. అతికించిన పెంకులు కదలకుండా ఇసక పోసిన పళ్లాల్లో నిలబెట్టి ఉంచారు, విత్తనాలు నాటినట్టు. గట్టిగా మాట్లాడితే పడిపోతాయేమోనని కామాక్షి గుసగుసలాడింది. రామచంద్రమూర్తికి ఆ పనంతా నేర్పింది ఆయనే. పెంకుని చూపుడువేలితో పట్టుకోకు, అరచేతిలో పడుకోబెట్టుకో అని, అంచుకి అంచు కలవకపోతే బలవంతం చెయ్యకు, దాని జోడు వేరే ఉంటుంది, వెతుక్కో అని. ఇంటికొచ్చి ఆ మాటలు అప్పజెప్పేవాడు రామచంద్రమూర్తి, కొత్తగా మంత్రం నేర్చుకున్నవాడిలా. ఆరోజు వామన్‌రావు గారు దూది పరిచిన డబ్బా తీసి, కిటికీ దగ్గరికి పిలిచి, బొటనవేలంత గాజుముక్కని వెలుతురుకి పట్టారు. ఏదో గిన్నె అంచు. సముద్రంలో దూరంగా కనపడే నీలం, పైన నెమలి మెడ మీద మెరిసే పొర. నిజాం కాలంలో కృష్ణ ఇవతలి ఒడ్డున తవ్వకాల్లో ఆయన కుర్రతనంలో మట్టి జల్లెడ పడుతుంటే దొరికింది. దాని మధ్యలో బియ్యపుగింజంత బుడగ. “చూసిన్రా, గిండ్ల ఉన్నది గాలి గాదు. గీ గిన్నె చేసినోడు ఊదిన ఊపిరి. వాడు పొయ్యి రెండువేల ఏండ్లయింది, వాని ఊపిరి గీడనే ఉన్నది” అన్నారు. నళిని మూతి తిప్పి, “నా దిక్కు ఎన్నడన్న గట్ల చూసిన్రా?” అంటే పెద్దగా నవ్వి, పెంకుని ముందు కామాక్షి అరచేతిలో పెట్టారు. చల్లగా ఉంది. కాసేపటికి వెచ్చబడింది. తిరిగి ఇవ్వాలంటే ఎందుకో మనసొప్పలేదు.

మంచినీళ్లు రాలేదింకా. కామాక్షి కళ్లు గోడల వెంబడి తిరిగాయి. దంతపు ఏనుగులు, ఎవరో మంత్రితో వరప్రసాద్ గారు దిగిన ఫొటో, మూలన గౌను తొడిగిన వీణ, ఆ పక్కన చిన్న అద్దాల అల్మారా. అల్మారాలో చైనా బొమ్మలు, పింగాణీ బాతులు, వెండి అత్తరుదాను, వాటి మధ్య చిన్న వెండి పూలతీగ, ఆ తీగ కొసన పువ్వు ఉండాల్సిన చోట ఒక నీలం ముక్క. మధ్యాన్నపు ఎండ పక్కకిటికీలోంచి వచ్చి సరిగ్గా దానిమీద పడుతోంది. నీలం రంగువి ఎన్నో ఉంటాయి. రాయై ఉంటుంది. జైపూర్ రాయి. కామాక్షి చీర కుచ్చిళ్లు సర్దుకునే వంకతో లేచి, కిటికీలోంచి రోడ్డు చూసేదానిలా రెండడుగులు వేసి, తల తిప్పకుండా కళ్లు మాత్రం తిప్పింది. నెమలి మెడ పొర. మధ్యలో బియ్యపుగింజ. అంచున మ్యూజియం వాళ్లు తెల్లరంగుతో రాసే అంకెలు ఉండాల్సిన చోట గీకేసిన మరక. ఇక్కడుందా? ఇక్కడికెలా వచ్చింది? ఈయనే తెప్పించుకున్నాడా, తెప్పించుకుని పైగా దొంగ ఎవడని విచారణ జరుపుతున్నాడా? ఒళ్లు మండిపోయింది. ఎంత ధైర్యంగా పెట్టుకున్నాడు, వచ్చేపోయేవాళ్లందరూ కూర్చునే హాల్లో! తలుపు చాటున పెట్టుకోవాలన్న భయం కూడా లేదు, ఎవడు గుర్తుపడతాడులే అని. ఇప్పుడే, ఆయన రాగానే, నళిని చెయ్యి పట్టుకుని ఈ అల్మారా ముందుకి లాక్కొచ్చి, చూడక్కయ్యా, మీ ఆయన ఊపిరి ఇక్కడుంది, అని అరిచేస్తే? అరుస్తుంది. అరవాలి. ఇన్నాళ్లకి ఒక్క రుణమైనా తీరుతుంది.

“అది మా దొరసానికి మస్తు ఇష్టమమ్మా” అని వెనకనుంచి వినబడింది. మొగులయ్య రెండు గ్లాసులతో నిలబడున్నాడు. కామాక్షి దేన్ని చూస్తోందో అతను చూశాడు. “దుమ్ము గూడ ఆమెనే తుడుస్తది, నన్ను ముట్టనియ్యది. మీ సారు తెచ్చిందేనాయె, మీకు ఎర్కనే గద. దొరసాని పుట్టినదినం నాడు డబ్బాల దూది పెట్టి పట్టుకొచ్చిండు. వెండితీగ మా దొర తర్వాత చేపిచ్చిండు.”

మీ సారు.

గ్లాసు చేతిలోకి తీసుకుంది. తాగింది. ఆశ్చర్యం, నీళ్లు మామూలుగానే గొంతు దిగాయి. వెనక్కి వచ్చి మామూలుగానే కూర్చుంది. నళిని అటు తిరిగి కిటికీకేసి చూస్తోంది, పెదాలు కదుల్తున్నాయి, ఏ దేవుడి పేరో. వినలేదు. విని ఉండదు. మొగులయ్య మెల్లిగానే అన్నాడు, ఫ్యాను చప్పుడొకటి. పుట్టినరోజు. అవును, పోయిన ఏడాది శ్రావణంలో. తనకి జ్వరం, వెళ్లలేకపోయింది, ఆయనొక్కడే వెళ్లాడు. ఏం తీసుకెళ్తున్నారండీ, అంటే, ఏదో చిన్నది, ఆఫీసు వాళ్లందరం కలిసి కొన్నాం, అన్నాడు. తిరిగొచ్చేటప్పటికి మల్లెపూలు తెచ్చాడు, జ్వరంతో పడుకున్నదానికి మల్లెపూలేంటండీ అంటే, ఉండనీ, అని దిండు పక్కన పెట్టి, మంచంమీద కూర్చుని, చాలాసేపు తన కాళ్లు నొక్కాడు. ఎంత ప్రేమో అనుకుంది. దసరా వెళ్లాక రామచంద్రమూర్తికి క్యూరేటరు పోస్టు వచ్చింది. వామన్‌రావు గారికి రావాల్సింది. ఆయనకి ఇంగ్లీషు అంత బాగా రాదన్నారు, ఆయన చదువు ఉర్దూలోది అన్నారు, కొత్తకాలం మనిషి కావాలన్నారు. ఆర్డరు వచ్చిన రోజు వామన్‌రావు గారే పేడాల పొట్లం పట్టుకొచ్చి, “నేను నేర్పిన పిలగాడు నా మీద కూసుంటుండు, నాకంటె అదృష్టవంతుడు ఎవడు?” అన్నారు. రామచంద్రమూర్తి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాడు. నిజంగానే వంగి పెట్టాడు. కామాక్షి కళ్లారా చూసింది, చూసి మురిసింది. ఆ వంగిన నడుములో ఎక్కడుంది ఆ పెంకు? ఏ మూల దాచుకున్నాడు? పొద్దున ఏమన్నాడు తను బయల్దేరుతుంటే? “నువ్వెళ్లు కామాక్షీ. నేనొస్తే ఆఫీసు వ్యవహారం అవుతుంది, ఆడవాళ్లు వెళ్తే ఇంటి వ్యవహారం. పాపం పెద్దాయన, ఎలాగోలా బయటపడాలి.” పాపం అన్నాడు. చొక్కా గుండీ పెట్టుకుంటూ, అద్దంలో తనని కాదు, తన భుజం మీదుగా గోడని చూస్తూ అన్నాడు. ఎన్నేళ్ల కాపురం, మనిషి అబద్ధమాడేటప్పుడు ఎటు చూస్తాడో కూడా తెలీలేదు తనకి. లేకపోతే తెలిసీ, తెలీనట్టు ఇస్త్రీ చొక్కా అందించిందా?

చెప్పెయ్యాలి. ఎవరితో? వరప్రసాద్ గారితోనా, ఆయనకి తెలిసిందేగా. ఈ నళినితోనా? చెప్తే ఏమవుతుంది? తాళాలున్నవాడు దొంగ కాదు, తాళాలడిగి తీసుకున్నవాడు దొంగ అని తేలుతుంది. ఉద్యోగం పోతుంది, పేపర్లో పడుతుంది, మాడపాటి స్కూల్లో చదివే పిల్లని తోటిపిల్లలు వేలెత్తి చూపిస్తారు. తను పుట్టింటికి ఏ మొహం పెట్టుకుని పోతుంది? హైదరాబాదు వెళ్లి బాగుపడ్డారు అని ఊరంతా చెప్పుకుంటారు తమ గురించి. బాగుపడ్డారు! పక్కనున్నవాణ్ణి మెట్టు చేసుకుని ఎక్కితే అదీ బాగుపడ్డమే. వామన్‌రావు గారైతే ఎలాగూ రేపోమాపో రిటైరవుతారు, అని లోపల ఎవరో అన్నారు. ఎవరన్నారు? తన గొంతే. పిల్లల్లేరు, సొంతిల్లుంది, వాళ్లకేం, అని కూడా అంది ఆ గొంతు. ఆ గొంతు రామచంద్రమూర్తి గొంతులా లేదు, అచ్చంగా తన గొంతులాగే, ఇంట్లో ఉల్లిపాయలు తరుగుతూ మాట్లాడేదానిలా మామూలుగా ఉంది. కామాక్షికి భయమేసింది. ఇంతలో నళిని చెయ్యి వచ్చి తన చేతిమీద పడింది. గట్టిగా పట్టుకుంది. చెమటతో తడిగా ఉంది ఆ చెయ్యి. దవాఖానలో పట్టుకున్నట్టే పట్టుకుంది. చెప్తాను అక్కయ్యా, చెప్తాను, ఆయన రానీ, ఆయన మొహం మీదే చెప్తాను.

ఆయన వచ్చారు. మల్లుపంచె, విభూతి, నిద్ర మొహం. “ఏమ్మాయ్, వచ్చి ఎంతసేపయింది? నన్ను లేపకపోయారూ” అంటూ కుర్చీలో కూర్చున్నారు. కూర్చోబోయే ముందు ఒక్క రెప్పపాటు అల్మారాకేసి చూసి, కామాక్షిని చూసి, చిరునవ్వు నవ్వారు. నళిని లేచి బుట్ట ఆయన కాళ్ల దగ్గర పెట్టింది.

“అయ్యా, పెండ్లయినకాడి నుంచి చూస్తున్న, గాయిన గా పెంకులల్లనే బతికిండు. ఒక్క తునక ఇంటికి తేలేదు. మీరు తలుచుకుంటె...”

“నాకు తెలీదా అమ్మా? వామన్‌రావు దొంగ అని నేనన్నానా? కమిటీ వాళ్ల నోరు మూయించాలిగా. అందుకని ఒక దారి ఆలోచించాను. చేతిలోంచి జారి పగిలింది, భయపడి చెప్పలేదు, ముక్కలు పారేశాను, అని ఒప్పుకోమనండి. ఉద్యోగం తనే మానుకుంటాడు. పోలీసుల గొడవుండదు. పరువు దక్కుతుంది.”

“పలగ్గొట్టిండని చెప్పాల్నా? గాయిన?” అంది నళిని. దొంగ అన్నప్పుడు కూడా ఆ గొంతు అంతలా వణకలేదు.

“జైలుకంటే నయం కాదూ? ఏమ్మా కామాక్షీ, నువ్వు చెప్పు, చదువుకున్నదానివి. నేనన్నది సబబేనా?” అని, జవాబుకి ఆగకుండానే, పళ్లబుట్టలోంచి ఒక సీతాఫలం తీసి చేతిలో ఆడిస్తూ అన్నారు. “అన్నట్టు రామచంద్రమూర్తి ఎలా ఉన్నాడు? ఢిల్లీ ఎగ్జిబిషన్‌కి అతన్నే పంపుదామనుకుంటున్నాం.”

హాల్లో ఫ్యాను కిర్రుమంది. నళిని తలతిప్పి కామాక్షి మొహంలోకి చూసింది. ఎండ అల్మారా దాటి గోడమీదకి జరిగింది, నీలంముక్క మామూలు గాజులా మసగ్గా ఉంది. నాలిక మీదకి అన్నీ వచ్చాయి, ఆ పెంకు సంగతి, ఆ పుట్టినరోజు, మల్లెపూలు, పేడాలు, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ పళ్ల దాకా వచ్చాయి.

“బాగున్నారండి” అంది కామాక్షి.

నళిని చెయ్యి తీసేసింది.

బయటికొచ్చాక పోస్టాఫీసు దగ్గర నళినే రిక్షా పిలిచింది. సన్న సీటు, ఇద్దరి తుంట్లూ ఒరుసుకుంటున్నాయి, తప్పుకుందామంటే చోటు లేదు. సినిమా వదిలినట్టున్నారు, రోడ్డంతా జనం. రిక్షా ఆగినప్పుడు, ఎదురుగా ఆగిన ఎడ్లబండినే చూస్తూ నళిని మామూలుగా, ఇంట్లో కూరగాయల సంగతి చెప్పుకునేదానిలా అంది.

“అడుగు పెట్టంగనే చూసిన నేను దాన్ని. నువ్వు లేవకముందే చూసిన. మొగులయ్య అన్నది గూడ ఇన్న.”

కామాక్షి ఆమెకేసి తిరిగింది. “అక్కయ్యా, మరి మీరు...”

“నేనెట్ల అంట? నేనంటె, నా మొగడే అమ్ముకున్నడు, ఇప్పుడు ఇంకోని మీద పెడుతుండు అంటరు. నువ్వంటె అట్ల అనరు. సొంత మొగని మీద ఏ ఆడది ఉత్తగ చెప్పదు గద.” ఎడ్లబండి కదిలింది. “చెప్తవేమొ అనుకున్న. నీ చెయ్యి పట్టుకుంటె అది వణుకుతుండె. గందుకే అనుకున్న.”

తిట్టలేదు. తిడితే బాగుండు, ఈ నడిరోడ్డు మీద జుట్టు పట్టుకుని ఈడిస్తే బాగుండు, అప్పుడు కామాక్షి ఏడవచ్చు, కాళ్లు పట్టుకోవచ్చు, నా బిడ్డ బతుకక్కయ్యా అనవచ్చు. నళిని కొంగు దులుపుకుని సర్దుకుంది, గాలికి ఎగిరి తన మీద పడుతున్న కామాక్షి కొంగుని కూడా తీసి, ఆమె ఒళ్లో పెట్టింది. పరాయిదాని వస్తువు పరాయిదానికి ఇచ్చినట్టు.

గేటు ముందు రిక్షా ఆగేటప్పటికి అరుగు మీద వామన్‌రావు గారు కూర్చుని ఉన్నారు. తలకి ఎప్పుడూ ఉండే టోపీ లేదు. ఆయన వెనక గుమ్మంలో రామచంద్రమూర్తి నిలబడున్నాడు, కళ్లజోడు తీసి తుడుస్తున్నాడు. కామాక్షి అతనికేసి చూడలేదు. నళిని రిక్షా దిగి గేటు తీసింది. ఇప్పుడు చెప్తుంది. చెప్పనీ. అందరి ముందూ చెప్పనీ, అయిపోతుంది, ఏదో ఒకటి అయిపోతుంది.

“ఏమన్నడు?” అన్నారు వామన్‌రావు గారు.

“పోలీసులకు పోడట. పగిలిందని చెప్పి, నౌకరి వదులుకొమ్మన్నడు” అంది నళిని. ఆ మాటకి ఆయన మొహం ఎలా అయిందో చూడకుండా, గేటు గొళ్లెం పెడుతూ, వెనక్కి తిరక్కుండానే అంది. “కామాక్షి చాన చెప్పింది మీ గురించి. గామె చెప్పబట్టె గింతన్న అయింది.”

వామన్‌రావు గారు అరుగు దిగారు. మెల్లిగా, మోకాళ్లు పట్టుకుని దిగి, కామాక్షి ముందుకొచ్చి నిలబడ్డారు. కూతురంత మనిషికి రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టారు. కామాక్షి చెప్పులు విడవడానికన్నట్టు వంగింది. వంగి, వదులుగానే ఉన్న చెప్పు పట్టీని విప్పుతూ, విప్పుతూ, అలాగే ఉండిపోయింది.